పాత జిప్సీ, నాటు కుక్క, సీలేరు దారి

పాత జీపులో కుక్కను దూరం తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందుగా ఆ జీపు వెనక నేల మీద ఓసారి పడుకుని చూడాలి. నలభై కిలోమీటర్లు తోలి వచ్చాక, ముందు అద్దాలు దించి, ఇంజిన్ ఆడుతుండగా ఐదు నిమిషాలు చాలు. రేకు వేడి, పొగ వాసన, గేర్ల మోత, వెనక తలుపు సందులోంచి వచ్చే దుమ్ము ఒక్కసారే ఒంటికి తెలుస్తాయి. డ్రైవరు సీట్లో కూర్చుంటే వీటిలో సగం కూడా తెలియవు. కుక్క ప్రయాణమంతా అక్కడే చేస్తుంది, పైగా నోరు తెరిచి చెప్పలేదు.

డిసెంబర్ 6న రాజమహేంద్రవరంలో బయలుదేరి మారేడుమిల్లి, చింతూరు, మోతుగూడెం, సీలేరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా 11వ తేదీ రాత్రికి విశాఖపట్నం చేరాం. బండి 2007 నాటి మారుతి జిప్సీ కింగ్. 1.3 లీటర్ల పెట్రోలు ఇంజిన్, రేకు టాపు, ఫోర్ వీల్ వాడాలంటే ముందు చక్రాల దగ్గర చేతితో తిప్పే హబ్‌లు. కుక్క పేరు కాటుక. నాలుగేళ్ల నాటు ఆడకుక్క, తూకం 19 కిలోలు.

బయలుదేరే ముందు: మూడు వారాలు

జిప్సీ వెనక ఎదురెదురుగా ఉండే రెండు బెంచీలూ విప్పేస్తే నేల చదునుగా దొరుకుతుంది. వేడి చూసే తుపాకీ థర్మామీటరు పెడితే, నలభై కిలోమీటర్ల తర్వాత ముందు సీట్ల వెనక నేల 51 డిగ్రీలు చూపించింది. ముందు, వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె (ట్రాన్స్‌ఫర్ కేసు), సైలెన్సరు గొట్టం ఆ దరిదాపుల్లోనే ఉంటాయి మరి. కుక్క అరికాలికి గానీ, పొట్టకు గానీ ఆ వేడి తగలకూడదు. రేకు మీద మొదట 10 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ అతికించాం. దాని మీద 20 సెంటీమీటర్ల ఎత్తున ఇనప చట్రం, చట్రం మీద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై. కొలతలు టేపుతో తీసుకుంటే చక్రాల గుబ్బల వంపు దగ్గర తప్పుతాయి. ఫ్రిజ్ అట్టపెట్టె కోసి అచ్చు తీసుకుంటే ప్లై ఒక్కసారికే కూర్చుంటుంది. ప్లై మీద రబ్బరు చాప, దాని మీద గోనె పట్టా. కొబ్బరి పీచు పట్టా వద్దు, గోళ్లు ఇరుక్కుంటాయి. ఇదయ్యాక అదే దూరానికి పైభాగం 33 డిగ్రీలకు దిగింది.

చట్రం కింద ఖాళీలో రెండు సొరుగులు పెట్టాం. రెండూ వెనక తలుపు వైపుకే తెరుచుకుంటాయి. కుక్కను దించకుండా సామాను తీయగలగాలి. ఈ ఏర్పాటు విలువ నాలుగో రోజు తెలిసింది.

ఇక పొగ. పాత పెట్రోలు బండిలో అన్నిటికన్నా భయపడాల్సింది కార్బన్ మోనాక్సైడ్‌కు. దానికి రంగు లేదు, వాసన లేదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, సైలెన్సరు మూతికి మందపాటి తడిగుడ్డ క్షణంపాటు అడ్డంపెట్టి వింటే, ఎక్కడ లీకుందో అక్కడ బుస్సుమంటుంది. అతుకుల దగ్గర నల్లటి మసి చారలు కనపడితే అదీ లీకే. మా బండికి ఇంజిన్ దగ్గర పొగ గొట్టం మొదలయ్యే అతుకులో (మానిఫోల్డు దిగువ ఫ్లాంజి) గాస్కెట్ పోయి ఉంది. కొత్తది వేయించి, ఇంకొకటి స్పేరుగా పెట్టుకున్నాం. వెనక తలుపు రబ్బరు చూడటానికి న్యూస్‌పేపరు ముక్క సందులో పెట్టి తలుపు మూసి లాగాలి. చిరిగితే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే పోయినట్టు. కిందివైపు రెండుచోట్ల జారింది. కొత్త రబ్బరు, కూలి కలిపి 1,400.

వెనక అద్దం ఒక్కటే తెరిచి నడపకూడదు. బండి వెళ్తుంటే దాని వెనక గాలి పల్చబడి, సైలెన్సరు పొగను తిరిగి లోపలికే లాక్కుంటుంది. గాలి కావాలంటే ముందు అద్దాలు దించాలి. కుక్క పడుకుంటే తల ఎక్కడుంటుందో ఆ ఎత్తున బ్యాటరీ అలారం ఒకటి బిగించాం. అంకె చూపించేదే కొనాలి. ఇళ్లకోసం చేసిన అలారాలు 50 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 50 వంతులు) దగ్గర గంట గడిచేదాకా మోగవు. అంకె కనపడితే అంతకు చాలా ముందే చెయ్యాల్సింది చెయ్యొచ్చు.

కట్టు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. మెడపట్టీకి గొలుసు తగిలించి సీటు కమ్మీకి కడితే, గట్టిగా బ్రేకు పడిన రోజు మెడ విరుగుతుంది. ఛాతీ మీద వెడల్పుగా పట్టే హార్నెస్ వేసి, నేల రేకులోంచి దూర్చిన 10 మిల్లీమీటర్ల ఐ బోల్టుకు కట్టాలి. రేకు కింద 4 మిల్లీమీటర్ల మందం, అరచేతంత ఇనప పలక వేసి నట్టు బిగించాలి. పలక లేకపోతే బోల్టు రేకును చించుకుని వచ్చేస్తుంది. తాడు 45 సెంటీమీటర్లు. లేవడానికి, తిరిగి పడుకోవడానికి సరిపోవాలి, కిటికీ అందకూడదు. నీళ్ల డబ్బా, జాకీ, పనిముట్ల పెట్టె అన్నీ బిగింపు పట్టీలతో కట్టేయాలి. బోల్తా పడిన బండిలో మొదటి దెబ్బ విడిగా ఉన్న సామానుదే.

జిప్సీకి నాలుగువైపులా కమాన్ కట్టలే. ఖాళీగా ఉంటే ఎగరేస్తుంది, కుక్క కీళ్లకు అది మంచిది కాదు. చాలామంది ఇంకో కట్ట వేయించుకుంటారు, దాంతో ఇంకా బిర్రవుతుంది. కట్టలు విప్పి తుప్పు గీకించి, మధ్యలో గ్రీజు పెట్టి, బుష్షులు మార్పించి, మెత్తటి షాక్ అబ్జార్బర్లు వేయిస్తే తేడా కళ్లకు కనపడుతుంది. బుష్షులు, షాకులు, కూలి కలిపి 11,800 అయింది.

60, 70 వేగంలో స్టీరింగు ఒణికితే, ఒణుకును అణిచే డ్యాంపరు మార్చి ఊరుకోవద్దు. డ్యాంపరు జబ్బును దాస్తుందంతే. ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట ఉంటే చక్రం పక్కలకు తిరిగే కీలు (కింగ్‌పిన్) బేరింగో, చక్రం బేరింగో. రెండోవాళ్లు బ్రేకు తొక్కి పట్టుకున్నా ఆట పోకపోతే కింగ్‌పిన్ అన్నట్టు. ఆయిల్ మార్చేటప్పుడు ముందు నింపే బిరడా కదులుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే దించే బిరడా విప్పాలి. గేర్‌బాక్సుకు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 0.8, ముందు ఇరుసు మధ్య గేర్ల పెట్టెకు, అంటే డిఫరెన్షియల్‌కు 2, వెనకదానికి 1.5. పాత ఆయిల్ పాలకాఫీ రంగులో వస్తే నీళ్లు దూరాయని అర్థం. అలాంటప్పుడు ఈ పెట్టెలకు గాలి ఆడే బ్రీదరు గొట్టాలు పైకి పొడిగించుకోవాలి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రాతపూర్వకంగా లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మూడూ ఒకేసారి. ఆర్మీ వాడిన మోడల్ కాబట్టి విడిభాగాలకు ఇంకా కరువు లేదు.

కాటుక సిద్ధం కావడానికి పది రోజులు పట్టింది. మొదటి మూడు రోజులు నిలబెట్టిన బండిలో అన్నం పెట్టాం. తర్వాత రెండు రోజులు ఇంజిన్ ఆడుతుండగా తలుపులు తెరిచి పెట్టాం. ఆ తర్వాత 2 కిలోమీటర్లు, 10, 40. ఒక మెట్టులో చొంగ కార్చినా, ఊరికే ఆవలించినా వెనక్కి ఒక మెట్టు దిగాలి. రేబిస్ టీకా, మిగతా టీకాలు వెళ్లేముందు కనీసం మూడు వారాలకు పూర్తవ్వాలి. గోమార్ల కోసం ఫ్లూరలానర్ మాత్ర నవంబర్ 29న అన్నంతో కలిపి ఇచ్చాం, 12 వారాలు పనిచేస్తుంది. ఘాట్ వాంతులకు మారోపిటాంట్ మాత్రలు పశువైద్యుడు తూకం చూసి రాసిచ్చాడు. మందుల డబ్బాలో పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ మనుషుల అరలోనే ఉండాలి. పొరపాటున కూడా కుక్కకు ఇవ్వకూడదు.

డిసెంబర్ 6: రాజమహేంద్రవరం, మారేడుమిల్లి

ట్యాంకు 40 లీటర్లు, నిండా పోయించాం. లీటరు 109 పైచిలుకు. డబ్బాల్లో పెట్రోలు తీసుకెళ్లలేదు. మూసిన బండిలో ఆవిరి నేల దగ్గరే పేరుకుంటుంది, నేల మీద ఉండేది కుక్క. ఈ దారిలో రంపచోడవరం, చింతూరు, చింతపల్లి, పాడేరులో బంకులున్నాయి, డబ్బా అవసరం రాదు.

పొద్దున ఐదింటికి కాటుకకు పిడికెడు అన్నం, తొమ్మిదింటికి బయలుదేరడం. ఘాట్ ఎక్కేముందు కడుపు నాలుగు గంటలైనా ఖాళీగా ఉండాలి. ప్రతి గంటన్నరకు పది నిమిషాలు దించి, వంద మిల్లీలీటర్ల నీళ్లు. 19 కిలోల కుక్కకు మామూలుగా రోజుకు లీటరు సరిపోతుంది. ప్రయాణంలో రెండు లీటర్ల లెక్కన మోసుకెళ్లాం. వాగు నీళ్లు తాగనివ్వలేదు.

మారేడుమిల్లిలో రోడ్డు పక్కన వరసగా బొంగు చికెన్ పాకలు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి అడ్డాకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ముప్పావుగంట. నూనె చుక్క వేయరు. వెదురులోని తేమకే ముక్క ఉడుకుతుంది. బొంగు 400 పడింది. వండే ఆవిడను "అక్కా, మసాలా పెట్టకముందు నాలుగు ముక్కలు విడిగా ఉడికించిస్తారా, కుక్కకి" అని అడిగితే, చిన్న బొంగులో నీళ్లు పోసి విడిగా కాల్చి, ఎముకలు తనే ఏరి, అడ్డాకులో పెట్టి ఇచ్చింది. ఉడికిన కోడి ఎముక చీలి పేగుకు గుచ్చుకుంటుందని ఆవిడకు చెప్పక్కర్లేకపోయింది. డబ్బు తీసుకోలేదు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర కుక్కకు విషం, ఎంత కళ్లు పెట్టి చూసినా పెట్టకూడదు.

రాత్రి బస దగ్గర కుక్కను బయట కట్టకూడదు. ఈ అడవుల్లో చిరుత ఉంది. దానికి కుక్కను మించిన సులువైన తిండి లేదు. కాటుక గదిలోనే పడుకుంది.

డిసెంబర్ 7: చింతూరు ఘాట్, మోతుగూడెం

ఈ చుట్టుపట్ల పాపికొండల జాతీయ పార్కు అడవి ఉంది. రక్షిత అడవిలోకి కుక్కను తీసుకెళ్లకూడదు. అందుకే జలపాతాల బాటలు వదిలేసి, రోడ్డు మీదనే, తాడుతోనే నడిపించాం. తాడు ఊరికే చట్టం కోసం కాదు. పొలాల అంచుల్లో అడవిపందుల కోసం కరెంటు తీగలు, తిండిలో చుట్టిన నాటుబాంబులు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వాసనపట్టి వెళ్లే కుక్క వాటికి మొదట బలవుతుంది.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. జిప్సీ వెనక డ్రమ్ములు వేడెక్కితే పెడలు మెత్తబడుతుంది. పాత బ్రేకు ఆయిల్ తేమ పీల్చుకుని తొందరగా మరుగుతుంది కాబట్టి వెళ్లేముందే మార్పించాం. తారు మీద ఫోర్ వీల్ వేయకూడదు. మధ్యలో డిఫరెన్షియల్ లేని బండి ఇది, మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగాలి. పట్టున్న రోడ్డు మీద ఆ తేడా అంతా చక్రాలకు బలం చేర్చే షాఫ్టుల కీళ్ల (క్రాసుల) మీద, ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది.

సోకిలేరు వాగు దాటాక బండి ముందువైపు నుంచి కిచకిచమని శబ్దం మొదలైంది. చింతూరులో ప్యాసింజరు జీపులు బాగుచేసే పెద్దాయన ఒకాయన దొరికాడు. బండి కిందకి కూడా దూరలేదు, పక్కన పది అడుగులు నడిచి విన్నాడు. "ముందు క్రాసు ఎండిపోయిందండి. గ్రీజు ఎక్కుద్దేమో చూద్దాం, ఎక్కకపోతే మార్చాల్సిందే" అన్నాడు. నాలుగు కప్పుల్లో మూడింటికి గ్రీజు ఎక్కింది, ఒకదానికి ఎక్కలేదు. మా దగ్గర స్పేరు క్రాసు ఉంది. గంటంబావు పని, కూలి 350. పాత క్రాసు విప్పితే ఒక కప్పులో సూదిబేరింగులు ఎర్రటి తుప్పు పొడి అయిపోయాయి. మూడు వారాల ముందు ప్రతి నిప్పుల్‌కీ గ్రీజు కొట్టామనుకున్నాం. కొట్టడంతో సరిపోదు, నాలుగు కప్పుల సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు బయటికి రావాలి. రాకపోతే ఆ కప్పుకు చేరలేదన్నట్టే.

ఆ గంటసేపు ఊరకుక్కలు ఆరు బండి చుట్టూ చేరాయి. టీకాలు లేని కుక్కల నుంచి పార్వో, డిస్టెంపర్ అంటుకుంటాయి, అందుకే కాటుకను దించలేదు. డిసెంబర్ అయినా ఎండలో నిలిపిన బండి లోపల అరగంటలో 40 దాటుతుంది. చింతచెట్టు నీడకు తోసుకెళ్లి, మూడు తలుపులూ గాలి వచ్చేలా తెరిచి, గోనె పట్టా తడిపి వేశాం.

డిసెంబర్ 8: డొంకరాయి, సీలేరు

మోతుగూడెం నుంచి సీలేరు దాకా దారి ఎక్కువ భాగం జలవిద్యుత్తు కోసం వేసిందే. పొల్లూరులో 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రం, పైన డొంకరాయి జలాశయం, ఇంకా పైన ఎగువ సీలేరు. ఒకే నది నీళ్లు మెట్టు మెట్టుకీ కరెంటు ఇచ్చి దిగుతాయి. తారు లేచిపోయి రాళ్లు తేలిన చోట్ల టైర్ల గాలి ముందు 24, వెనక 26 నుంచి 18కి దించాం. ఇంత చిన్న పని కుక్కకు మెత్తదనం ఇస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, అప్పటిదాకా కాళ్లు నాలుగూ చాచి నిలదొక్కుకుంటున్న కాటుక ఐదు నిమిషాల్లో పడుకుంది. మళ్లీ గాలి పట్టడానికి కంప్రెసరును నేరుగా బ్యాటరీకి తగిలించాలి. లైటరు సాకెట్‌కు పెడితే ఫ్యూజు కొట్టేస్తుంది.

డొంకరాయి దాటాక ఒక కల్వర్టు దగ్గర ఫోన్ మ్యాపు కుడికి చూపించింది. దారి బాగానే ఉందనిపించి తిప్పాం. రెండు కిలోమీటర్ల తర్వాత అది ఎడ్లబండి బాటయింది, ఆ తర్వాత వాగు గట్టున ఆగింది. హబ్‌లు లాక్ చేసి, లో గేరులో వెనక్కి ఎక్కుతుండగా అలారం అంకె కదిలింది. 18, 27, 41.

కాటుక తల వాల్చేసి ఉంది. పిలిస్తే చెవి మాత్రం కదిపింది. వెంటనే ఇంజిన్ ఆపి, తాడు విప్పి, గాలి వీచే వైపు యాభై అడుగులు ఎత్తుకెళ్లి నీడలో పడుకోబెట్టాం. చిగురు నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి, వచ్చింది. అయినా ఈ వాయువు విషయంలో చిగురు గులాబీ రంగు చూసి ధైర్యపడకూడదు, విషమెక్కినా ఎర్రగానే కనిపిస్తుంది. నడక చూడాలి, కళ్లు చూడాలి. పావుగంటకు లేచి నీళ్లు తాగింది, గట్టు వాసన చూసింది. మూడు గంటలపాటు బండి ఎక్కించలేదు.

కింద చూస్తే రాయి తగిలి సైలెన్సరు గొట్టం పక్కకు జరిగింది, ఫ్లాంజి బోల్టు ఒకటి సగం వదులైంది. కొత్త గాస్కెట్ ఓ పక్క చిరిగింది. మెల్లగా ఎక్కే బండి, వెనక నుంచి వీచే గాలి, రెండూ కలిసి పొగను తలుపు సందుకి తెచ్చాయి. పాత రబ్బరుతో వెళ్లుంటే ఆ అంకె ఎంతయ్యేదో. గొట్టం పూర్తిగా చల్లారేదాకా ఆగి, స్పేరు గాస్కెట్ వేసి, ఎగ్జాస్టు పేస్టు రాసి, బోల్టులకు రెండేసి నట్లు బిగించాం. స్టార్ట్ చేసి తడిగుడ్డ పరీక్ష మళ్లీ చేశాం. వేడెక్కి చల్లారాక బోల్టు వదులవుతుంది కాబట్టి సీలేరులో ఇంకోసారి బిగించాం.

ఆ మూడు గంటల్లో పుల్లలు కొట్టుకొస్తున్న తాత ఒకాయన ఆగి చూశాడు. "ఈ దారంట ఎవరు చెప్పారు బాబూ? బండి రోడ్డు అటుంది" అని చేత్తో చూపించి, తన సొరకాయ బుర్రలోంచి అంబలి పోశాడు. చోడి అంబలి, కాస్త పులిసింది, ఆ మధ్యాహ్నానికి అదే భోజనం. "సీలేరు ఎంత దూరం తాతా" అంటే "దగ్గరే" అన్నాడు. ఏజెన్సీలో దగ్గరంటే నడక లెక్క. చీకటిపడ్డాక చేరాం. జలాశయం చేప పులుసు, అన్నం మనిషికి 120.

డిసెంబర్ 9: ధారకొండ, చింతపల్లి, లంబసింగి

ఈ రోడ్ల మీద గంజాయి తనిఖీలు గట్టిగా ఉంటాయి. చెక్‌పోస్టులో బండి ఆపి సొరుగులన్నీ చూపించమన్నారు. బయటివాళ్లు చెయ్యి లోపలికి పెడితే మొరగని కుక్క ఉండదు. సొరుగులు వెనక్కి తెరుచుకునేవి కాబట్టి కాటుక తాడు మీదే, ముందు సీట్ల వెనకే ఉండిపోయింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. టీకా కాగితం, ఆర్సీ, పొల్యూషన్ పత్రం ఒకే కవరులో పైన పెట్టుకోవాలి. పదిహేనేళ్లు దాటిన బండి కదా, ఆర్సీ రెన్యువల్ చీటీ మొదట అడిగారు. "కరుస్తదా?" అని అడిగిన కానిస్టేబులే వెళ్లేటప్పుడు బిస్కెట్ పెట్టబోయాడు. కొత్తచోట కొత్తవాళ్ల చేతి తిండి అలవాటు చేయకూడదు, దండం పెట్టి వద్దన్నాం.

చింతపల్లిలో సంత జనం. కాళ్లు కట్టిన కోళ్లు, మేకలు, బుట్టల్లో రాజ్మా, పసుపు, చోళ్లు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు దాడిచేసిన పోలీస్ స్టేషను ఊరిది. సంతలో కుక్కను దించితే ఒక్క కోడి చాలు గొడవకి. ఒకరం బండి దగ్గర, ఒకరం సంతలో. రాజ్మా కిలో 130కి వచ్చింది.

లంబసింగిలో తెల్లవారుజామున బండి బయట 7 డిగ్రీలు, లోపల ప్లై మీద 9. సన్నవెంట్రుకల నాటు కుక్కకు ఇది చలే. గోనె మీద ఉన్ని దుప్పటి, ఒంటికి కోటు వేసి గదిలో పడుకోబెట్టాం. వెచ్చదనం కోసం ఇంజిన్ ఆడించి పెట్టడం, గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం రెండూ ప్రాణాంతకం, నిన్నటి వాయువే.

డిసెంబర్ 10: పాడేరు

లంబసింగి నుంచి రోడ్డు వెడల్పు పనులతో కంకర, ఎర్రదుమ్ము. ఎయిర్ ఫిల్టరు సాయంత్రం దులిపితే చారెడు మట్టి. కాటుక కళ్లు సెలైన్‌తో కడిగి, వేళ్ల సందులు చూసి, ఇరుక్కున్న కంకర పలుకు ఒకటి తీశాం. క్లోర్‌హెక్సిడిన్ నీళ్లతో తుడిచి సాక్స్ తొడిగితే సరిపోయింది.

ఈ నెలల్లో ఏజెన్సీ ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద కాఫీ పళ్లు ఆరబోసి ఉంటాయి. తీయటి వాసన, ఎర్రటి పండు, కుక్క నోటికి అందే ఎత్తు. గింజలోని కెఫీన్ కుక్క గుండెను పరిగెత్తిస్తుంది, గుప్పెడు తిన్నా ప్రమాదమే. కాటుక మూతి అటు తిప్పేలోగా గింజలు కలబెడుతున్న అమ్మ కర్ర అడ్డం పెట్టింది. "మా కుక్క కూడా పొయినేడు తిని ఒణికిపోయింది బాబూ" అంది. ఆరబోసిన కళ్లం తొక్కించకుండా చుట్టూ తిరిగి వెళ్లడం అక్కడి మర్యాద, మనిషైనా కుక్కైనా. వాళ్లింటి మిరియాలు పావుకిలో 200కి కొన్నాం.

డిసెంబర్ 11: హుకుంపేట, అరకు, అనంతగిరి, విశాఖ

అరకు ఘాట్ దిగడమంతా రెండో గేరు, మధ్యలో రెండుసార్లు ఆగి డ్రమ్ములు చల్లార్చడం. బొర్రా గుహల దగ్గర ఆగలేదు.

మొత్తం 560 కిలోమీటర్లకు 66 లీటర్లు తాగింది, పెట్రోలుకు 7,200. మరుసటి రోజు ప్లై లేపితే వెనక తలుపు కుడి మూల దగ్గర మాత్రం విసనకర్ర ఆకారంలో ఎర్రదుమ్ము పరుచుకుని ఉంది. దుమ్ము వచ్చిన సందులోంచి పొగా వస్తుంది. రబ్బరు బాగానే ఉంది, తలుపు కీలు కిందికి దిగింది. కీలు పిన్ను మార్చి, లాక్ పట్టీని 3 మిల్లీమీటర్లు లోపలికి జరిపితే న్యూస్‌పేపరు ముక్క అక్కడా చిరిగింది.

గోమార్ల జ్వరం బయటపడటానికి రెండు, మూడు వారాలు పడుతుంది. అందాకా రోజూ కాటుక జ్వరం చూస్తున్నాం, 102.5 ఫారెన్‌హీట్ దాటితే రక్తపరీక్షకే. చెవి వెనక ఒక గోమారు దొరికింది, చచ్చి ఎండిపోయి ఉంది. తర్వాతి మాత్ర ఫిబ్రవరి 21న.